క్లోరిన్ గంటసేపే: నెల్లూరు హాస్టల్ నీళ్ళ లైన్ల పని డైరీ

మొదటి రోజు

వేదాయపాళెంలో మా అన్న నడిపే ఆడపిల్లల హాస్టల్‌ది మూడంతస్తుల బిల్డింగు. మార్చిలో పరీక్షలు అయిపోగానే పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ గదులకు తాళాలే. జూన్ మొదటి వారంలో మళ్ళీ తెరవాలి. అంటే రెండు నెలలుగా పైపుల్లో నీళ్ళు కదల్లేదు. డాబా మీద 2,000 లీటర్ల నల్ల సింటెక్స్ ట్యాంకులు మూడున్నాయి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఒకదాంట్లోకి థర్మామీటర్ దారం కట్టి వదిలితే 41 డిగ్రీలు చూపించింది. రోహిణి కార్తె ఎండలో నెల్లూరు డాబా మీద ఇది మామూలే. బాక్టీరియాకు మాత్రం పొదుగుపెట్టె లాంటిది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో దిగినవాళ్ళను ఊపిరితిత్తుల జబ్బుతో పడగొట్టిన లీజియోనెల్లా అనే బాక్టీరియా సరిగ్గా ఇలాంటి నిలవ వెచ్చటి నీళ్ళలోనే పెరుగుతుంది. అది తాగితే వచ్చే జబ్బు కాదు. షవర్ తుంపరలో కలిసి ఊపిరితో లోపలికి పోతుంది. అందుకే ట్యాంకు కడిగి ఊరుకుంటే సరిపోదు, షవర్ చివరిదాకా శుద్ధి చెయ్యాలి.

నేను పదకొండేళ్ళు రొయ్యపిల్లల హేచరీలో పనిచేశాను. సముద్రపు నీళ్ళకు క్లోరిన్ పెట్టడం, కొలవడం, మళ్ళీ ఆ క్లోరిన్ ఒక్క చుక్క మిగలకుండా తీసెయ్యడం అక్కడ రోజూ చేసిన పని. మిగిలితే పిల్లలు చస్తాయి, చాలకపోతే జబ్బొచ్చి చస్తాయి. అందుకే అన్న నన్ను పిలిచాడు. ఇంకో కారణం కూడా ఉంది. పోయినేడు ఇదే పని వేరే ఒకాయనకు అప్పగించారు. ఆయన ట్యాంకుకు ఐదు లీటర్ల క్యాను చొప్పున క్లోరిన్ మందు పోసి, కుళాయిలు కాసేపు తిప్పి కట్టేసి, "రెండ్రోజులు అట్టే ఉండనీండి, పురుగనేది మిగల్దు" అని వెళ్ళాడట. పది శాతం మందైతే అది లీటరుకు 250 మిల్లీగ్రాములు. అదీ రెండు రోజులు. ఆగస్టు నుంచి ఒక్కో బాత్‌రూంలో కారడం మొదలైంది. మొదటి అంతస్తు సీలింగు మీద ఆ మరకలు ఇంకా ఉన్నాయి.

స్టోర్ రూంలో అప్పుడు విప్పి పడేసిన గీజర్ కనెక్షన్ పైపొకటి దొరికింది. బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. పైన స్టీలు అల్లిక చూపుకు బాగానే ఉంది కానీ నట్టు దగ్గర సన్న తీగలు తెగి వెంట్రుకల్లా లేచాయి. వాటి మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్కలు. లోపలి రబ్బరు గొట్టాన్ని వేలితో రుద్దితే కాటుకలా నల్లగా అంటింది. మడిస్తే లోపలి వైపు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది. ఆ ముక్కను ప్లంబర్ మేస్త్రికి చూపించాను. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తయారీ లోపం కాదబ్బయా, మందు తిన్న పైపు" అన్నాడు.

ఈ పనికి నేను పెట్టుకున్న లెక్క ఒకటే. సూక్ష్మజీవి చావడం మోతాదును, సమయాన్ని బట్టి ఉంటుంది. పైపు దెబ్బతినడం కూడా ఆ రెండిటినే బట్టి ఉంటుంది. అమెరికా ప్లంబింగ్ నియమాల్లో లీటరుకు 50 మిల్లీగ్రాములు 24 గంటలు, లేదా 200 మిల్లీగ్రాములు 3 గంటలు అని ఉంది. బ్రిటన్ పద్ధతిలో 50 మిల్లీగ్రాములు ఒక్క గంట చాలు. కాకపోతే గంట తర్వాత చివరి కుళాయి దగ్గర కూడా 30 తగ్గకుండా ఉండాలి. తగ్గిందంటే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఇంత పాత బిల్డింగుకు నేను బ్రిటన్ పద్ధతే ఎంచుకున్నాను. అందులో కొలత తప్పించుకోవడానికి వీల్లేదు, పైపుకు బాధా తక్కువ.

రెండో రోజు

పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని బిల్డింగంతా తిరిగాం. ఏ లైను ఏ సరుకో గోడ మీదే రాశాం. తూర్పు వైపు దిగే లైను కట్టినప్పటి జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), ఒకటింపావు అంగుళం. పడమటి వైపుది నాలుగేళ్ళ కిందట వేసిన సీపీవీసీ, అంటే వేడికి ఆగే ప్లాస్టిక్ పైపు. కుళాయిలు ఇత్తడివి, గీజర్లు ఎనిమిది, మెస్ దగ్గర ఆర్‌వో ప్లాంటు.

వీటిలో ఒక్కోదాని ఓపిక ఒక్కో రకం. సీపీవీసీకి క్లోరిన్‌తో పెద్దగా పేచీ లేదు. జీఐలో పైపులు బిగించే మరల (థ్రెడ్ల) దగ్గర జింకు పూత కోసేసి ఉంటుంది కాబట్టి తినేసేది ముందు అక్కడే. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదని అందరూ అనుకుంటారు కానీ క్లోరిన్ మందు దానికి సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంతలు పెడుతుంది. ఆర్‌వో మెంబ్రేన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, క్లోరిన్ తగిలితే పాడవుతుంది. ఆర్‌వోకు నీళ్ళు వెళ్ళే వాల్వు కట్టేసి, నమ్మకం చాలక పైపు కూడా విప్పి డమ్మీ బిగించాం. గీజర్లన్నిటి యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గరి వాల్వులు) మూసి, వాటి కరెంటు స్విచ్చులు (ఎంసీబీలు) దించాం. వాటికి వేరే వైద్యం చేస్తాం.

సంపు 16 వేల లీటర్ల కాంక్రీటుది. అడుగున నాలుగు వేళ్ళ మందం ఒండ్రు. దాంట్లోకి మనిషిని దించే ముందు మూతలు రెండూ తెరిచి రెండు గంటలు బ్లోయర్ పెట్టాం. దిగినతనికి నడుముకు తాడు కట్టి పైన ఇద్దరం నిలబడ్డాం. లోపల మనిషి ఉండగా బ్లీచింగు గానీ యాసిడ్ గానీ సంపు దరిదాపులకు రానివ్వలేదు. వాచ్‌మన్ తాత మంచి మనసుతోనే బాత్‌రూం యాసిడ్ సీసా తెచ్చి, "గోడకు పాచి గట్టిగా ఉండాది, ఇది పోస్తే వదుల్తది" అన్నాడు. ఆ సీసా తీసుకెళ్ళి గేటు బయట మా బండి డిక్కీలో పెట్టి తాళం వేశాను. యాసిడ్, క్లోరిన్ మందు కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. అది గాలి కన్నా బరువు. సంపు అడుగునే కూర్చుంటుంది, మనిషి మెట్లెక్కే లోపే ఊపిరి ఆపుతుంది. తాతకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. పనులు అయ్యేదాకా బిల్డింగులో యాసిడ్ ఉండకూడదని అన్నతో కూడా చెప్పించాను.

చీపురు, నైలాన్ బ్రష్షు, మంచినీళ్ళు అంతే వాడాం. మనిషి పైకి వచ్చాక స్టెయిన్‌లెస్ బాడీ ఉన్న పంపును కూడా బయటికి తీసి, పొడుగు గొట్టం ఉన్న స్ప్రేయర్‌తో పైనుంచే గోడలకు పల్చని క్లోరిన్ నీళ్ళు కొట్టి, అరగంటకు కడిగేశాం.

మధ్యాహ్నం అసలు విషయం బయటపడింది. పాత వంటగది గోడ వెనక, తూర్పు లైను నుంచి ఒక అంగుళం పైపు నాలుగు మీటర్లు పోయి టోపీ బిగించి ఆగిపోయింది. ఎప్పుడో గ్రైండర్ దగ్గర కుళాయికి వేసిందట. వంటగది మారాక కుళాయి తీసేశారు, పైపు మాత్రం వదిలేశారు. దాంట్లో పట్టేది రెండు లీటర్ల నీళ్ళే. టోపీ విప్పగానే ముందు గాలి బుస్సుమంది, తర్వాత టీ డికాషన్ రంగు నీళ్ళు, ఆఖరికి బెండకాయ జిగురులాంటి తీగలు జారాయి. వేలికి చుట్టుకుంది. కుళ్ళిన గుడ్డు వాసన. పైన ఎంత క్లోరిన్ పోసినా ఈ మూలకు చేరదు, ఎందుకంటే ఇక్కడ నీళ్ళకు కదలికే లేదు. ఇక్కడ పెరిగింది మాత్రం రోజూ కాస్తకాస్త మెయిన్ లైన్లోకి జారుతూనే ఉంటుంది. మేస్త్రి ఆ ముక్కను మెయిన్ లైను నుంచి చీలే టీ జాయింటు దగ్గరికే కోసి తీసేశాడు. ఈ వారం పనిలో పిల్లలకు ఎక్కువ మేలు చేసింది ఆ రంపం కోతేనని నా నమ్మకం.

సాయంత్రం షవర్ తలలు, కుళాయి మూతి జల్లెడలు అన్నీ విప్పి బకెట్లలో వేసి, ఒక్కో లైనూ పూర్తిగా తెరిచి నీళ్ళు తేటపడేదాకా వదిలాం. ఇది తొందరపడే పని కాదు. ఒండ్రు, తుప్పు, జిగురు ముందు క్లోరిన్‌ను తినేస్తాయి, మిగిలింది ఉంటేనే బాక్టీరియాకు. కడగని పైపులో ఎంత పోసినా చాలదు. చాలలేదని ఇంకా పోస్తారు, చివరికి నష్టపోయేది పైపే.

మూడో రోజు

మందు కొనడానికి నిన్న రాత్రే ఆక్వా సరుకుల షాపుకు వెళ్ళాను. నెల్లూరులో ఉన్నందుకు ఇదొక సుఖం. రొయ్యల చెరువుల పుణ్యాన బ్లీచింగు, సోడియం థయోసల్ఫేట్, పరీక్ష కిట్లు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. షాపులో పూర్తి పేరు చెప్పి అడగాలి. క్లోరిన్ మందు సోడియం హైపోక్లోరైట్‌నూ హైపో అంటారు, ఫొటో స్టూడియోల్లో వాడిన థయోసల్ఫేట్‌నూ హైపో అనే అనేవాళ్ళు. ఒకటి క్లోరిన్ ఇచ్చేది, రెండోది క్లోరిన్‌ను చంపేది.

పొడి బ్లీచింగు వద్దనుకున్నాను. అందులో సున్నం ఉంటుంది. తేట వంచి పోసినా కొంత వెంట వచ్చి జల్లెడల్లో, షవర్ రంధ్రాల్లో పేరుకుంటుంది. పైగా నీళ్ళ పీహెచ్ (క్షార గుణం చెప్పే అంకె) పెంచుతుంది. పీహెచ్ ఏడున్నర దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటే, ఎనిమిదిన్నరకు పోయేసరికి పదో వంతే మిగులుతుంది. మా బోరు నీళ్ళు 7.9, పైగా ఉప్పదనం ఉంది. ఆ ఉప్పు స్టీలుకు ఇంకా చెరుపు. అందుకని ఇవాళ్టికి బోరు ఆపి, మునిసిపల్ నీళ్ళు పట్టి ఉంచాం. వాటి పీహెచ్ 7.4.

క్యాను మీద పది శాతం అని ఉంది. ఎండాకాలం గోడౌన్లో ఉన్న మందును ఆ మాట మీద నమ్మకూడదు. ఒక మిల్లీలీటరు మందు సిరంజితో తీసి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపాను. బ్యాటరీకి పోసే ఆ నీళ్ళే. అందులోంచి పది మిల్లీలీటర్లు తీసి అర లీటరు చేశాను. మందు నిజంగా పది శాతమైతే ఇప్పుడు క్లోరిన్ కొలిచే కిట్టు లీటరుకు 2 మిల్లీగ్రాములు చూపించాలి. 1.2 చూపించింది. అంటే ఆరు శాతమే. ట్యాంకుకు కావాల్సింది 100 గ్రాముల క్లోరిన్. క్యాను మాట నమ్మితే లీటరు పోసేవాళ్ళం, నిజానికి పట్టేది లీటరు 670 మిల్లీలీటర్లు.

పొద్దున ఆరుకల్లా మొదలుపెట్టాం. ఎండ పడితే క్లోరిన్ విరిగిపోతుంది. బకెట్లో పలచన చేసిన మందు ట్యాంకులోకి నీళ్ళు పడుతుండగానే పోశాం, బాగా కలుస్తుందని. తర్వాత పై అంతస్తు నుంచి కిందికి ఒక్కో కుళాయీ తిప్పడం, బ్లీచింగు వాసన రాగానే కట్టడం, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టడం. మొత్తం 41 పీలికలు. గేటుకు బోర్డు, మెస్ అక్కకు విడిగా చెప్పడం, ఆమె రెండు బిందెల నీళ్ళు పక్కింటి నుంచి ముందే తెచ్చిపెట్టుకోవడం అన్నీ అయ్యాయి.

పడమటి లైను చివర నీళ్ళు పట్టి డీపీడీ మాత్ర వేశాను. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. రెప్పపాటు గులాబీ మెరిసింది, వెంటనే నీళ్ళు తెల్లగా అయిపోయాయి. మేస్త్రి నా భుజం మీంచి చూస్తున్నాడు.

"ఏందబ్బయా, రంగే రాలా? మందు చాలినట్టు లేదు. ఇంకో రెండు లీటర్లు పోద్దామా?"

హేచరీలో కొత్తగా చేరినవాళ్ళంతా చేసే పొరపాటు ఇదే. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉంటే అది రంగునే కాల్చేస్తుంది. లేదని చూపిస్తుంది. పోయినేడు వచ్చినాయన ఒకవేళ పరీక్ష చేసి ఉన్నా, ఇదే చూసి ఇంకా పోసి ఉండొచ్చు. మెరిసి పోయిన ఆ గులాబీని కళ్ళార్పకుండా చూడాలి. పది మిల్లీలీటర్లు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 250 చేశాను, అంటే 25 రెట్లు పలచన. మళ్ళీ మాత్ర వేస్తే చక్కటి గులాబీ నిలిచింది. 1.8. ఇరవై ఐదుతో హెచ్చిస్తే 45. మేస్త్రి ఆ గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పక్కన పాత నమూనా పెట్టమన్నాడు. రెండూ చూసి, "ఇన్నేళ్ళూ తెల్లగుంటే మందు లేదనే అనుకున్నా" అన్నాడు.

చివరి కుళాయి కొలిచాక గడియారం పెట్టాం. గంట తర్వాత పడమర 40. తూర్పు చివర 0.4 రంగు, అంటే పదే. ముప్పై దాటాలి. ఆ జీఐ పైపు లోపలి తుప్పు మిగతాదంతా మింగేసింది. మోతాదు పెంచితే అంకె వస్తుంది, కానీ ఆ తుప్పు పొర కింద పైపు ఎంత పల్చబడిందో తెలీదు. ఇవాళ్టికి పడమర అయినట్టు, తూర్పు రేపు.

క్లోరిన్ తీసెయ్యడం నాకు నచ్చిన భాగం. ట్యాంకు నీళ్ళు అట్టే కాలువలోకి వదిలితే కాలువ పోయే చోట చేప బతకదు, సెప్టిక్ ట్యాంకులో మంచి బాక్టీరియా కూడా చస్తుంది. లెక్కకు క్లోరిన్‌కు ఏడు రెట్లు థయోసల్ఫేట్ పడుతుంది, అంటే లీటరుకు 45 చొప్పున 90 గ్రాముల క్లోరిన్ ఉన్న ట్యాంకుకు 630 గ్రాములు. కానీ ఒకేసారి పొయ్యలేదు. వంద వంద గ్రాములు కరిగించి పోస్తూ, పొడుగు కర్రతో కలుపుతూ, కొలుస్తూ పోతే 400 దగ్గరే సున్నాకు వచ్చింది. మిగిలితే రేపటి క్లోరిన్‌ను అది తినేస్తుంది, అందుకే ఈ జాగ్రత్త. క్లోరిన్ పోయిన ఆ నీళ్ళతోనే లైన్లు తోసి, తర్వాత కొత్త నీళ్ళతో మళ్ళీ కడిగాం. వదిలేసేసరికి మొదటి కుళాయి కూడా రెండు గంటల లోపే క్లోరిన్‌లో ఉంది.

నాలుగో రోజు

తూర్పు లైను అడుగున ఎండ్ ప్లగ్ తీయడానికి మేస్త్రికి గంటన్నర పట్టింది. వేడి చెయ్యలేదు, సుత్తితో కొట్టలేదు. తుప్పు వదిలే ఆయిలు పూసి, రెండు పైపు రెంచీలతో ఒకటి పట్టి ఒకటి తిప్పుతూ కాస్తకాస్త కదిలించాడు. ఆ ఓపిక చూస్తుంటే ఆయన పనిమీద గౌరవం పెరిగింది. ప్లగ్ ఊడగానే ఎర్రటి బురద ఒక బకెట్టు వచ్చింది. మూడుసార్లు ట్యాంకు నింపి వదిలాక నీళ్ళు తేటపడ్డాయి.

మళ్ళీ అదే మోతాదు, అదే గంట. చివర 1.4 రంగు: 35. చాలు. కడిగి మూసేశాం. రెండో అంతస్తు ఎల్బో దగ్గర చెమ్మ కనిపించింది, సూదిమొన చుక్క. ఇది క్లోరిన్ పెట్టిన బొక్క కాదు, ఎప్పటిదో. తుప్పే ఇన్నాళ్ళూ దాన్ని మూసి ఉంచింది. ఎల్బో మార్చాం. దసరా సెలవుల్లో తూర్పు లైను మొత్తం తీసేసి సీపీవీసీ వెయ్యాలని అన్నతో చెప్పాను. ఒప్పుకున్నాడు.

ఐదో రోజు

గీజర్లకు వేడి వైద్యం. కనెక్షన్ పైపులు, ఎలిమెంట్లు, లోపలి పూత క్లోరిన్‌కు పెట్టకుండా దాచినవి ఇవే. థర్మోస్టాట్ 75కు పెట్టి గంట ఉంచాం. 60 డిగ్రీల దగ్గరే లీజియోనెల్లాలో పదింట తొమ్మిది వంతులు రెండు నిమిషాల్లో చస్తుంది. పాతిక లీటర్ల గీజర్‌ను ధారగా వదిలితే వేడి నిమిషంలో అయిపోతుంది కాబట్టి సన్నగా వదిలి, మూతి దగ్గర థర్మామీటర్ పెట్టి 60 పైన ఐదు నిమిషాలు నిలబెట్టాం. మళ్ళీ కాచి ఇంకోసారి. ఒక్కోదానికి ఇద్దరం, ఒకరు తలుపు దగ్గర, ఎవరూ చెయ్యి పెట్టకుండా.

తూర్పు వైపు రెండు గీజర్ల వేడినీటి పైపులో మూరెడు జీఐ ముక్కలున్నాయి. అవి ముందే తీసి సీపీవీసీ పెట్టించాను. మామూలుగా జింకు తాను అరిగి ఇనుమును కాపాడుతుంది. 60 డిగ్రీలు దాటితే కొన్ని నీళ్ళలో ఆ వరస తారుమారై ఇనుమే అరగడం మొదలవుతుంది. చల్లనీళ్ళకు నప్పిన పైపు వేణ్ణీళ్ళకు నప్పదు. అయ్యాక థర్మోస్టాట్లు తిరిగి తగ్గించాం.

ఎనిమిదో రోజు

జల్లెడలు, షవర్ తలలు తోమి బిగించాం. రెండు రోజులు మామూలు నీళ్ళు తిరిగాక, నాలుగు చోట్ల హెచ్‌టూఎస్ సీసాల్లో పట్టాం. మురుగు బాక్టీరియా ఉంటే నల్లబడే పరీక్ష సీసాలవి. ముందు థయోసల్ఫేట్ చుక్క, తర్వాత నీళ్ళు. లేకపోతే మిగులు క్లోరిన్ సీసాలో కూడా పనిచేసి, లేని శుభ్రత చూపిస్తుంది. బోరు నీళ్ళు ఒక్కటే విడిగా ఐదో సీసాలో. వంటగది అలమరలో వరసగా పెట్టాం. నలభై ఎనిమిది గంటలకు నాలుగూ పసుపుగానే ఉన్నాయి. బోరు సీసా మాత్రం అడుగున నల్లబడింది. ఇనుము, గంధకం బాక్టీరియా ఉన్న బోర్లకు మురుగు కలవకుండానే ఇలా నల్లబడడం మామూలే, అయినా దాన్ని వదిలెయ్యలేదు. ఆ నీళ్ళు ల్యాబుకు పంపాం. ఫలితం వచ్చేదాకా వంటకు మునిసిపల్ నీళ్ళే.

ఇక రోజువారీ పని. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్ళలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. సంపు దగ్గర చిన్న డోసింగ్ పంపు పెట్టి, చివరి కుళాయి దగ్గర 0.2కూ 0.5కూ మధ్య నిలిచేలా సరిచేశాం. ఈ కొద్దిపాటి మోతాదుతో పైపులకు పేచీ లేదు. సెలవుల్లో కూడా వారానికోసారి ప్రతి కుళాయీ ఐదు నిమిషాలు తిప్పాలని తాత ఒప్పుకున్నాడు. ఆయనకు చదువు రాదు, అందుకని పుస్తకంలో అంకెల బదులు రంగుల చార్టు అంటించాను. గొట్టంలో ఏ గులాబీ వస్తే ఆ గులాబీ మీద టిక్కు పెడతాడు.

ఎర్రగుడ్డ పీలికలు విప్పి లెక్కపెడితే నలభై వచ్చాయి. ఒకటి తక్కువ. వెతికితే రెండో అంతస్తులో బట్టలుతికే బండ కింద వంగితే గానీ కనపడని కుళాయికి కట్టినట్టే ఉంది. పీలిక కట్టాం కానీ కడిగేటప్పుడు అక్కడికి ఎవరూ పోలేదు. కొలిస్తే ఇంకా 6 చూపించింది. ఐదు రోజులుగా ఆ మూరెడు పైపు మందులోనే ఉంది. పావుగంట వదిలి, మళ్ళీ కొలిచి, 0.3 వచ్చాక పీలిక విప్పాను. దాని వాషర్ మార్చమని మేస్త్రికి చెప్పాను.